తొంభైతొమ్మిదికి ఎదురుగా రాసిన వాక్యం

గంగులమ్మ మూడో రోజు కూడా కంచం పక్కకు జరిపింది.

"సంగటి గట్టిగయిందా అత్తా?" అని అడిగింది చిన్నకోడలు కల్పన.

"సంగటికేమి, బాగానే ఉండాది. నాకే దిగల్యా."

"రవ్వంత మజ్జిగన్నా తాగు."

"పెద్దోడు ఆడ తిన్నాడో లేదో నాకు తెలీదు. పెద్దకోడలు తినిందో లేదో అంతకన్నా తెలీదు. వాళ్లు తిన్యారని ఎవరన్నా వచ్చి చెప్పండి. అప్పుడు తింటా."

మాట కల్పనతో అన్నట్టే ఉంది కానీ, వెళ్లి తగలవలసిన చోటు వేరే. నడవలో అశ్వత్థ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆ పేజీ తిప్పి అరగంటయింది. తలకు పైన గూట్లో ఐదు కప్పులు వరసగా ఉన్నాయి. హిందూపురంలో రేసు అశ్వత్థ అంటే తెలియనివాళ్లు లేరు. రోడ్డు మీద తిరిగే మామూలు కార్లనే పందేనికి తయారుచేసి నడిపే తరగతిలో ఐదుసార్లు దేశానికి చాంపియన్ అయినవాడు. అంతటివాడు సొంత తల్లి గొంతు వినపడితే పేపరు వెనక దాక్కుంటున్నాడు.

కల్పన కంచం తీసుకుని నడవలోకి వచ్చింది. ఆమె అతనికి మేనమామ కూతురే. కదిరి పిల్ల. మాట దాచుకునే అలవాటు పుట్టింట్లోనూ లేదు, ఇక్కడా నేర్చుకోలేదు.

"బావా, ఆ సంతకం ఎందుకు పెట్టినావు?"

"ఎన్నిసార్లు అడుగుతావు?"

"నువ్వు చెప్పేదాకా."

"నరసింహులు సారు నిలబడి ఉండె. తొందర అన్నాడు. పెట్టినా."

"ఆయప్ప ఇంగో ఐదు నిమిషాలు నిలబడితే కాళ్లు అరుగుతాయా? ఒక్క గీత గీసింటే అయిపోతుండె. ఆ వాక్యం మింద ఒక్క గీత."

"అన్నే చెప్పి రాయించినాడంట కల్పనా."

"బావగారు చెప్తారు. ఆయనకు తన గురించి తాను చెడ్డ చెప్పుకునేది అలవాటే. నువ్వు చదివినావా లేదా సంతకం పెట్టక ముందు?"

చదివాడు. నాలుగుసార్లు చదివాడు. కానీ ఆ మాట కల్పనకు చెప్పలేదు.

సోమవారం పొద్దున జరిగిన సంగతి అది. సన్మాన సంఘం కార్యదర్శి నరసింహులు, రిటైరైన డ్రిల్లు మాస్టరు, అభినందన సంచిక ప్రూఫు పట్టుకుని వచ్చాడు. ఆదివారం హిందూపురంలో సభ. జీపు మీద ఊరేగింపు, శాలువా, తర్వాత రంగుల సంచిక. అందులో రెండు నిండు పేజీలు అశ్వత్థ సాధించిన విజయాలు. ఏ ఏడు ఏ పందెం, ఎన్నో స్థానం, ఎంత తేడాతో గెలిచాడు, ఆ రోజు వాన పడిందా ఎండ కాసిందా, అన్నీ ఉన్నాయి. అంత జ్ఞాపకం అశ్వత్థకే లేదు. అదంతా చెప్పి రాయించినవాడు అన్న రామప్ప. నాలుగో తరగతితో బడి మానేసిన రామప్ప, పెనుకొండ రోడ్డులోని రేకుల షెడ్డులో కూర్చుని, తమ్ముడి పదేళ్ల పందేలను ఒక్క తేదీ పొల్లుపోకుండా నరసింహులుకు అప్పజెప్పాడు.

తొంభైమూడులో మొదటి పందెం, మూడో స్థానం. తొంభైఐదులో మొదటి చాంపియన్ పట్టం. మళ్లీ తొంభైఏడు, తొంభైఎనిమిది. రెండు వేల ఒకటి, రెండు వేల రెండు. నడుమ తొంభైతొమ్మిదికి ఎదురుగా ఇట్లా ఉంది: "ఆఖరి పందెంలో అందరికన్నా ముందు గీత దాటినది అశ్వత్థే. అయితే మెకానిక్ రామప్ప కొలతలో చేసిన పొరపాటు వలన ఆ ఏటి పట్టం రద్దయినది."

పేజీ అడుగున నరసింహులు వేలు పెట్టి చూపించిన చోట అశ్వత్థ సంతకం చేశాడు. పైన 'సరిచూచితిని' అని ముందే అచ్చయి ఉంది.

నరసింహులు రెండు కాపీలు తెచ్చి ఒకటి ఇంట్లో వదిలిపోయాడు. సాయంత్రం వదిన వెంకటలక్ష్మమ్మ దాన్ని ముచ్చటగా చేతిలోకి తీసుకుని, అత్తగారికి వినపడేటట్టు బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. తొంభైఎనిమిది దాకా గొంతు ఉత్సాహంగానే ఉంది. తర్వాత ఆగిపోయింది. తెల్లవారి ఆమె మొగుణ్ని లేపి, రెండు సంచులు సర్దుకుని, ధర్మవరంలోని తమ్ముడింటికి మొదటి బస్సెక్కింది. రామప్ప కూడా మారుమాటాడకుండా ఆమె వెనకాలే నడిచాడు. అట్లా నడవడం అందరికీ వింతగా తోచింది. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డు తాళం వేసి రెండు రోజులు ఊరు దాటని మనిషి ఆయన.

ఫోను మోగింది. కల్పన తీసి అతనికి అందించింది. నరసింహులు.

"ఏమప్పా అశ్వత్థా, అంతా సిద్ధమే. ధర్మవరం ప్రెస్సుకు ప్రూఫులు పంపించేసినా. పట్టుచీరల డబ్బాలకు రంగులు అచ్చేసే ప్రెస్సు అది, బాగా వస్తాది. ఈ పొద్దు మూడుకు మిషన్ మింద ఎక్కిస్తారు. మళ్లా మార్పులంటే కుదరదు. నీ సంతకం ఉండాది గాబట్టి నాకు నిశ్చింత."

"మంచిది సార్."

ఫోను పెట్టాక కల్పన అతని మొహంలోకి చూసింది.

"మూడు దాకా టైముండాది కదా. పోయి కొట్టేయించు. వస్తా వస్తా బావగార్ని, అక్కను పిల్చుకోని రా. అత్త తిననైనా తింటుంది."

అశ్వత్థ లేచి కారు తాళాలు తీసుకున్నాడు. చెప్పవలసింది కల్పనకు చెప్పి పోదామా అని గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చెప్పలేదు. చెప్పనిదాన్ని నాలుగేళ్లు మోసినవాడికి ఇంకో పూట మోయడం కష్టం కాదు.

ఆ పొరపాటు రామప్పది కాదు.

*

పెనుకొండ చేరేసరికి పన్నెండు దాటింది. కొండ ఎక్కుడులో ఇంజను టకటకమని చప్పుడు చేసింది. అన్న ఉంటే ఆ చప్పుడు ఇంటి ముందే విని బానెట్ ఎత్తేవాడు.

బస్టాండు దాటాక లారీలు ఆగే చోట టీ అంగడి ముందు ఆపాడు. దానికి ఎదురుగా ఇనుప భాగాలు చెక్కే లేతు షాపు ఒకటి ఉండేది. ఇప్పుడక్కడ టైర్లమ్ముతున్నారు. షాపు పోయినా చోటు పోలేదు. అశ్వత్థ ఈ దారిన ఎప్పుడు వచ్చినా అటు చూడకుండా వెళ్లేవాడు. ఇవాళ చూశాడు.

ఇంజను నెత్తిన మూతలాగా కూర్చునే భాగాన్ని మెకానిక్కులు హెడ్డంటారు. దాని అడుగును చెక్కి పల్చన చేస్తే ఇంజనుకు బలం వస్తుంది. ఎంతవరకు చెక్కవచ్చో పందెం నిబంధనల్లో ఉంటుంది. రామప్ప ఎప్పుడూ ఆ గీత దాకా పోయేవాడు కాదు. ఒక వెంట్రుక మందం మిగిల్చి ఆపేవాడు. "అది దేవుడి వాటా" అనేవాడు నవ్వుతూ.

తొంభైతొమ్మిదిలో కోయంబత్తూరు డ్రైవరొకడు ఒక్కో చుట్టుకు అర సెకను ముందు తిరుగుతున్నాడు. ఆఖరి పందేనికి పది రోజులుంది. అశ్వత్థకు నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం రామప్ప కదిరి నరసింహస్వామికి మొక్కు తీర్చడానికి వెళ్లాడు. తమ్ముడు గెలవాలనే మొక్కు. అన్న అక్కడ కొబ్బరికాయ కొడుతున్న వేళకు తమ్ముడు ఇక్కడ తన దగ్గరున్న తాళంచెవితో షెడ్డు తెరిచి, హెడ్డు ఊడదీసి, గోనెసంచిలో చుట్టుకుని పెనుకొండ వచ్చాడు. హిందూపురంలో అయితే ప్రతి లేతువాడూ రామప్ప స్నేహితుడే.

"మీ అన్నకు తెలుసునా?" అని అడిగాడు లేతువాడు.

"ఆయనే పంపించినాడు" అన్నాడు అశ్వత్థ.

అర మిల్లీమీటరు. అంతే. సాయంత్రానికి హెడ్డు మళ్లీ యథాస్థానంలో ఉంది. రామప్ప ప్రసాదం తెచ్చి ముందు ఇంజను మీద పెట్టి, తర్వాత తమ్ముడి చేతిలో పెట్టాడు.

మద్రాసు దగ్గరి శ్రీపెరంబుదూరు ట్రాకులో అశ్వత్థ నాలుగు సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ మర్నాడు అధికారులు ఇంజను విప్పారు. కొలత తప్పింది. రెండోసారి కొలిచారు. మూడోసారి రామప్పనే కొలవమన్నారు. ఆయన కొలిచి, పరికరాన్ని బల్ల మీద పెట్టి, కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత, "మిట్టమధ్యాన్నం రేకుల కింద కొలిచినా సార్. ఎండకు లోహం ఉబ్బి మందం ఎక్కువ చూపించింటాది. దాన్ని నమ్మి చెక్కినా. తప్పు నాది, పిల్లోనికి ఏమీ తెలీదు" అన్నాడు.

అధికారులు అట్లాగే రాసుకున్నారు. పట్టం పోయింది. డ్రైవరుకు తెలియకుండా జరిగింది కాబట్టి లైసెన్సు నిలబడింది. ట్రాకులోకి రానిచ్చే రామప్ప మెకానిక్ పాసు మాత్రం జన్మకు రద్దు చేశారు. అప్పుడు అశ్వత్థ నోరు తెరవవలసింది. పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు తెరవలేదు.

తర్వాతి రెండు పట్టాలు బెంగుళూరువాళ్ల ఇంజన్లతో వచ్చాయి. గెలిచి, కారు దిగి, హెల్మెట్ తీశాక అలవాటు కొద్దీ ట్రాకు పక్కన మెకానిక్కులు నిలబడే పిట్టు గోడ వైపు చూసేవాడు. అన్న నిలబడే చోట ఎవరో ఒకరు నిలబడే ఉండేవారు. చప్పట్లు కొట్టేవారు. ఫోటోలు తీసేవారు. అశ్వత్థకు మాత్రం ఊరుగాని ఊళ్లో బస్సు తప్పిపోయినట్టుండేది. పోయిన ఏడు కప్పు తీసుకుని లాడ్జికి వచ్చి, దాన్ని ఎదురు కుర్చీలో పెట్టుకుని ఒక్కడే అన్నం తిన్నాడు.

టీ తెచ్చిన రామాంజినమ్మ అతన్ని గుర్తుపట్టింది.

"నువ్వు రేసు అశ్వత్థవి కదప్పా. ఆదివారం మేమూ వస్తాండాము. మా వీధోళ్లంతా లారీ మాట్లాడినారు."

"రాండమ్మా."

"మీ అన్న యాడుండాడిప్పుడు? పాపం, ఆయప్ప కొలత తప్పకుంటే నీకు ఆరు కప్పులు అయ్యుండు కదా?"

"ఊఁ" అన్నాడు అశ్వత్థ.

నాలుగేళ్లలో ఆ ఊఁ ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. బస్సుల్లో అన్నాడు, పెళ్లిళ్లలో అన్నాడు, పత్రికలవాళ్ల ముందు అన్నాడు. సోమవారం నాడు మాత్రం ఊఁ అనకుండా సంతకం పెట్టాడు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు అతనికి కలిగింది సిగ్గు కాదు, ఊరట. ఇక అచ్చులో పడిపోతుంది, ఇక ఎవరూ అడగరు అనిపించింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చి మూడు రోజులైనా కదలడం లేదు.

టీ సగం వదిలేసి లేచాడు. అన్నకు చెప్పేయాలి. మూడు గంటల లోపల చెప్పేయాలి. అంతకన్నా ముందుకు అతని ఆలోచన సాగలేదు.

*

ధర్మవరంలో వదిన తమ్ముడి ఇల్లు ముందు ఇల్లు, వెనక మగ్గాల షెడ్డు. వెంకటలక్ష్మమ్మ వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. మరిదిని చూసి రాట్నం ఆపలేదు.

"కూచో."

కూర్చున్నాడు. ఆమె ఎరుపు దారం తెగితే ముడేసింది. మళ్లీ తిప్పింది. చాలాసేపటికి లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ముందర పెట్టింది.

"అమ్మ మూడు దినాలుగా సరిగ్గా తినల్యా వదినా."

"ఊరగాయ జాడీ యాడుండాదో కల్పనకు చెప్పే వచ్చినా."

"ఊరగాయ గురించి కాదు."

"నాకు తెలుసు ఊరగాయ గురించి కాదని." రాట్నం ఆగింది. "అశ్వత్థా, ఒకటడుగుతా చెప్పు. మనిషి తప్పు చేసినాడు. ఒప్పుకున్యాడు. పాసు పాయ. కొలత తప్పే మెకానిక్ అని షెడ్డుకు కార్లు రావడం నిలిచిపాయ. ఎండెక్కితే లోహం ఉబ్బుతాదని, తెల్లారకముందే లేసి, చలికి వణుక్కుంటా ఆ రేకుల కింద ఒక్కడే కూచోని కొలుస్తాడు. నేను పోయి కాఫీ ఇస్తే తాగుతాడు, మాట్లాడడు. నాలుగేండ్లుగా చూస్తాండా. ఇంగా ఏమి మిగిలిందని రంగుల పుస్తకంలో అచ్చేయిస్తిరి?"

"అన్నే చెప్పి..."

"ఆయప్ప నూతిలో దూకుతానంటే నువ్వు తాడు తీసేస్తావా? నిన్ను ఎత్తుకోని పెంచినోడప్పా ఆయన. మీ నాయన పోయినప్పుడు నీకు ఆరేండ్లంట. నాకు పెండ్లయి వచ్చినప్పుడు నువ్వు ఆయన భుజం మింద నిద్రపోతాంటివి. నాకు చోటు ల్యా."

అశ్వత్థ తల దించుకున్నాడు. నీళ్లు ముట్టుకోలేదు.

"లోపలుండాడు పో" అంది వదిన. "మగ్గాలోళ్లు అన్నానికి పోయినారు. మాట్లాడుకోను ఇదే మంచి యాళ."

షెడ్డులో ఆరు మరమగ్గాలు ఆగి ఉన్నాయి. రామప్ప నేల మీద గొంతుక్కూర్చుని ఒక మగ్గం పళ్లచక్రాన్ని విప్పుతున్నాడు. తల ఎత్తలేదు. అడుగుల చప్పుడు తమ్ముడిదని ఆయనకు చూడకుండానే తెలుస్తుంది.

"ఆ పదమూడో నంబరు పానా ఇయ్యి."

అశ్వత్థ వంగి తీసి ఇచ్చాడు. ఏడేళ్లప్పటి నుంచి ఇస్తున్న చెయ్యి.

"కారు పెనుకొండ ఎక్కుడులో చప్పుడు చేసిందా?"

"చేసింది."

"టప్పెట్లు వదులయినాయి. పోయిన నెలే చెప్పినా. వినవు."

నట్టు వదులైంది. రామప్ప చక్రాన్ని ఊడదీసి, కిరసనాయిలు గిన్నెలో ముంచి, బ్రష్షుతో ఒక్కొక్క పన్నూ రుద్దుతున్నాడు.

"ఆదివారం నువ్వు రావల్ల అన్నా."

"చూస్తాంలే."

"నువ్వు రాకుంటే నేనూ పోను."

"పోకుంటే ఎట్ల? అంతమంది వస్తాంటే. పో. మంచి చొక్కా ఏసుకో. ఆ నీలం రంగుది వద్దు, ఫోటోలో నల్లగా పడతాది."

అశ్వత్థ గోడకు ఆనుకున్నాడు. పందెంలో మొదటి మలుపులో ఇరవై కార్లు ఒక్కసారి మీదికి వచ్చినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

"ఆ హెడ్డు నేను చెక్కించినా అన్నా. పెనుకొండలో. నువ్వు కదిరికి పోయిన దినం."

బ్రష్షు ఆగలేదు. ఇంకో మూడు పళ్లు రుద్దిన తర్వాత ఆగింది.

"తెలుసు" అన్నాడు రామప్ప.

అశ్వత్థ గోడను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"ఎవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పల్యా. మద్రాసు నుంచి వచ్చిన వారంలోనే అండాలో నీళ్లు మసలబెట్టి, ఒక పాత హెడ్డు ముంచి తీసి కొలిచినా. వాళ్లు చూపించిన తేడాలో సగం గూడా రాలా. హిందూపురం ఎండ మసిలే నీళ్లకంటే ఎక్కువనా?" ఆయన చక్రాన్ని గుడ్డ మీద పెట్టాడు. "షెడ్డుకు తాళంచెవులు రెండే ఉండాయి. ఒకటి నా మొలతాడుకుంటాది."

"మరి నాలుగేండ్లుగా తెల్లారకముందే లేసి కొలిచేది?"

"అబద్ధం చెప్పినాక దానికి తగినట్టు బతకల్ల కదప్పా. మధ్యాన్నం కొలిస్తే మీ వదిన అడగదా, ఇప్పుడు ఎండ ల్యాదా అని."

"నన్నెందుకు అడగల్యా?"

"అడిగితే చెప్తావు. అడగకుండా చెప్తావేమోనని చూసినా."

అంత నెమ్మదిగా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. నాలుగేళ్లు తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు అశ్వత్థ. అదే ఇంట్లో, పక్క గదిలో, ఇంకో మనిషి అదే మోస్తూ, అతను ఎప్పుడు దించుతాడా అని ఎదురుచూస్తున్నాడు.

"తెలిసీ ఆ మాట పుస్తకంలో ఎందుకు రాయించినావన్నా?"

రామప్ప చేతులు తుడుచుకున్నాడు. ముందు అరచేతులు, తర్వాత ఒక్కొక్క వేలు.

"నీ చేతికి వస్తాది, చూస్తావు, కొట్టేస్తావు అని. కాయితం పట్టుకోని షెడ్డుకు వస్తావు, ఇదేమన్నా అని అడుగుతావు అని. సోమారం పొద్దున్నుంచి ఆడే కూచున్యా. అన్నానికి గూడా ఇంటికి రాల్యా. మాయిటాల పొద్దు గూకే యాళకు నరసింహులు సారు వచ్చి కాయితం చూపించినాడు. కింద నీ సంతకం ఉండె."

బయట ఎక్కడో సైకిల్ బెల్లు మోగింది. అశ్వత్థ ఏడుస్తున్నాడు. చప్పుడు రాకుండా ఏడవడం హెల్మెట్ లోపల నేర్చుకున్నాడు.

"ఇప్పుడే పోయి కొట్టేయిస్తా. మూడు గాల్యా ఇంగా."

"కొట్టేయించి దాని బదులు ఏమి రాయిస్తావు?"

"నిజం రాయిస్తా."

"నిజం రాస్తే ఆ ఒక్క ఏడాదితో నిలుస్తాదా? ఒకసారి చెక్కించినోడు మిగతావి చెక్కించలేదని ఎవరు నమ్ముతారు? ఐదింటినీ తవ్వుతారు. లైసెన్సు తీసేస్తారు. ఆ ఐదిట్లో మూడు ఇంజన్లు ఈ చేతులతో కట్టినవి. అవి గూడా దొంగవి అంటారు. పాసు పోయినా నాకు అవొక్కటి మిగిలినాయి అశ్వత్థా. వాటిని నువ్వు ముట్టొద్దు."

"అట్లయితే ఊరికే కొట్టేస్తా. ఏమీ రాయించను."

"కొట్టేయి. ఇయ్యాళ కొట్టేస్తే అది ప్రెస్సోళ్ల పని. సోమారం కొట్టేసింటే అది నాకు చేసినట్టుండు."

రామప్ప చక్రాన్ని ఎత్తి మగ్గానికి బిగించబోయాడు. అప్పుడు చూశాడు ఆయన. ద్వారంలో వెంకటలక్ష్మమ్మ రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకుని నిలబడి ఉంది. మగ్గాలు నడుస్తున్నప్పుడు ఆ షెడ్డులో పక్కవాడి మాట వినపడదు. ఆగినప్పుడు ప్రతి మాటా వాకిట్లోకి వినపడుతుంది. పందెం ఇంజన్ల మనుషులు, మగ్గాల సంగతి వాళ్లకు తెలియలేదు.

ఆమె గ్లాసులు కిందపెట్టింది. చుక్క కూడా ఒలకలేదు. మరిది వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

"ఆ అండా నాదే కదా. నీళ్లు ఎందుకు మసిలినాయని నేను అడిగినా. పక్కింటోళ్ల కుక్కను కడిగినా అంటివి. నేను నమ్మితి."

రామప్ప చేతిలోని చక్రాన్ని మళ్లీ గుడ్డ మీద పెట్టాడు.

"తమ్ముడు చెప్పల్యా అని నాలుగేండ్లు చూస్తివి. నువ్వు నాకు చెప్పినావా? ఊరంతా మా ఆయనది తప్పు అంటే, అవును తప్పే, పాపం అంటా తిరిగితి. కొళాయి కాడ అంటి, పెండ్లిండ్లల్లో అంటి. నా నోటితో నేనే అంటి. అప్పుడన్నా పిలిచి, లక్ష్మీ, నేను చేయల్యా అని ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు వాణ్ని బతకనిస్తావా?"

"నన్ను బతకనిచ్చినావా?"

ఆమె కొంగు దులిపి నడుముకు దోపుకుంది. అప్పుడు తిరిగింది మరిది వైపు. కళ్లల్లో నీళ్లు లేవు.

"ప్రెస్సు యాడుండాది?"

"రైల్వే గేటు కాడ వదినా."

"మూడుకు కదా అచ్చు. నేను ఏడో తరగతి చదివినా. నాకూ రాయను వస్తాది. దాంట్లో ఏమి రాయల్లనో నేను చెప్తా."

వెళ్లిపోయింది. వాకిట్లో రాట్నాన్ని దాటుకుని, వీధిలోకి దిగింది.

రామప్ప లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో భయం అశ్వత్థ ఇదివరకు చూడలేదు. అధికారులు ఇంజను విప్పిన రోజు కూడా అది లేదు.

"మీ వదినను ఆపు రా."

అశ్వత్థ కదలలేదు.

"నా మూడు ఇంజన్లు రా. పోయి ఆపు."

చిన్నప్పటి నుంచి అన్న చెప్పిన పని చేయడమే అతనికి తెలుసు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. మండుటెండ, వీధిలో మనిషి లేడు. కిటికీల్లోంచి మగ్గాల చప్పుడు మళ్లీ మొదలవుతోంది. వదిన అప్పటికే మలుపు దగ్గరుంది. నడక పెద్దదేమీ కాదు, కానీ ఆగే నడక కాదు.

"వదినా, రవ్వంత ఆగు."

ఆగింది. అతను దగ్గరికి వచ్చే దాకా నిలబడి, అతని ఉత్త కాళ్ల వంక, తర్వాత మొహం వంక చూసింది.

"నన్ను ఆపను వచ్చినావా, నాతోబాటు రాను వచ్చినావా? అదొక్కటి చెప్పు అశ్వత్థా. ఇంగ జన్మలో నిన్ను నేను ఏమీ అడగను."

వెనక వాకిట్లో రామప్ప నిలబడి ఉన్నాడు. రెండున్నర కావస్తోంది.